జుట్టు మాట విననప్పుడు ఇంట్లోనే చేసుకోదగిన సవరింపులు

రాత్రి తలస్నానం చేసి, పూర్తిగా ఆరకముందే పడుకుంటే, తెల్లవారేసరికి ఒక పక్క జుట్టు తలకు అంటుకుపోయి, మరో పక్క కొమ్ములా లేచి కనిపిస్తుంది. ఆ తరువాత ఎంత దువ్వినా, ఏ క్రీము రాసినా అది లొంగదు. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారైనది. ఆ ప్రోటీన్ పోగుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు తడి తగిలినప్పుడు తెగిపోయి, ఆరేటప్పుడు వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్ళీ కలుస్తాయి. దిండు మీద నలిగిన వంపు రోజంతా అలాగే నిలిచిపోవడానికి కారణం ఇదే. కాబట్టి చెడిన చోట మళ్ళీ తడిపి, కావలసిన వైపుకు పట్టి, పూర్తిగా ఆరేదాకా వదలకుండా ఉంచితే చాలావరకు సరిపోతుంది. కింద చెప్పబోయే ఉపాయాలలో సగం ఈ పద్ధతి మీదే ఆధారపడి ఉన్నాయి. మిగిలినవి జిడ్డుకు, పట్టుకు సంబంధించినవి.

తడపడంలో చాలామంది చేసే పొరపాటు కొసలను తడపడం. వెంట్రుక ఏ దిక్కుకు పడుకోవాలో నిర్ణయించేది కుదురు కనుక నీళ్ళు అక్కడికే చేరాలి. వేళ్ళ కొసలను నీళ్ళలో ముంచి, లేచిన జుట్టు మొదట్లో, తల చర్మానికి తగిలేటట్టు అర నిమిషం రుద్దాలి. మగవారిలో నడినెత్తిన సుడి దగ్గర లేచే జుట్టుకు ఇంకొక మెట్టు అవసరం. కుదుళ్ళు తడిపిన తరువాత, డ్రయ్యర్ ఉంటే గాలిని ముందు ఒక వైపు నుంచి, తరువాత దానికి ఎదురు వైపు నుంచి పెడుతూ వేళ్ళతో అటూ ఇటూ కదపాలి. ఆ కుదుళ్ళు పుట్టుకతో అలవాటుపడిన దిక్కును వదులుకోవడానికి ఈ ఎదురు గాలి తోడ్పడుతుంది. డ్రయ్యర్ లేకపోతే తడిపిన చోట జుట్టును అణచి దువ్వి, పలుచని నూలు తువ్వాలు బిగుతుగా చుట్టి, తయారవడానికి పట్టే పది నిమిషాలూ అలాగే ఉంచుకోవచ్చు. సుడి ఉన్నచోట జుట్టును మరీ పొట్టిగా కత్తిరించుకోకపోవడం అసలైన పరిష్కారం. పొట్టి వెంట్రుకకు తన బరువుతో తాను పడుకునే శక్తి ఉండదు.

రబ్బరు బ్యాండు తీసిన చోట మిగిలిపోయే నొక్కుకూ ఇదే వైద్యం. నొక్కు ఉన్న బెత్తెడు మేర మాత్రమే తడిపి, జుట్టును కిందికి సాగదీసి పట్టుకుని ఆరనివ్వాలి. అంత వ్యవధి లేనప్పుడు నొక్కు మీదే వదులుగా ముడి వేసుకుంటే అది ముడిలో కలిసిపోతుంది. కూరగాయల పొట్లాలకు వచ్చే పసుపుపచ్చని రబ్బరు బ్యాండ్లను మాత్రం జుట్టుకు వాడకూడదు. అవి వెంట్రుకను పట్టుకుని వదలవు, తీసేటప్పుడు తుంచుతాయి. పొరపాటున వాడి, అది చిక్కుకుపోతే, లాగకుండా చిన్న కత్తెరతో రబ్బరునే కోసేయాలి.

ద్విచక్ర వాహనం మీద రోజూ ఆఫీసుకు వెళ్ళేవారి ఇబ్బంది వేరు. తడి తలమీద హెల్మెట్ పెట్టుకుంటే, ప్రయాణం పూర్తయ్యేలోగా జుట్టు దాని కిందే ఆరి, దాని ఆకారాన్నే తీసుకుంటుంది. తల పూర్తిగా ఆరిన తరువాతే హెల్మెట్ పెట్టుకోవాలి. లోపల పలుచని నూలు గుడ్డ కట్టుకుంటే చెమటను అది పీల్చుకుంటుంది. పాపిడిని మామూలుగా తీసే వైపుకు కాకుండా రెండో వైపుకు తీసి హెల్మెట్ పెట్టుకుని, దిగిన తరువాత మామూలు వైపుకు తిప్పి దువ్వుకుంటే అణగిన జుట్టు కొంత లేచినట్టు కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి ఒకే చోట పాపిడి తీయడం వల్ల జుట్టు పలుచగా కనిపించేవారికి కూడా ఈ పాపిడి మార్పు ఖర్చు లేని ఉపాయం.

ఉక్కపోతలోనూ పొడి గాలిలోనూ

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలలో నివసించేవారికి తెలిసిన బాధ ఒకటుంది. ఇస్త్రీ చేసినట్టు సాఫుగా దువ్వుకున్న జుట్టు పెళ్ళి భోజనాల వేళకు ఉబ్బి, పైన పీచులా లేస్తుంది. గాలిలోని తేమే ఇక్కడ నీళ్ళ పని చేసి, మనం పెట్టిన వంపును విప్పేస్తుంది. అందుకే సముద్రతీరంలో, వానాకాలంలో, శుభకార్యం నాడు జుట్టును సాఫు చేయించుకుని విరబోసుకోవడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. జడకో కొప్పుకో వెళ్ళడం మంచిది. విరబోసుకోవాలనే అనుకుంటే, జుట్టు తడిగా ఉన్నప్పుడే పైన ఒక పలుచని పొర పట్టించి ఆరనివ్వాలి. ఆరిన జుట్టు పైపైన ఏది రాసినా జిడ్డుగా కనిపిస్తుందే తప్ప ఉబ్బు తగ్గదు.

ఆ పొరకు అవిసె గింజల జెల్ బాగా పనికివస్తుంది. పావు కప్పు గింజలను రెండు కప్పుల నీళ్ళలో వేసి, సన్నని సెగ మీద కలుపుతూ మరిగించాలి. ఏడెనిమిది నిమిషాలకు నీళ్ళు కోడిగుడ్డు తెల్లసొనలా సాగడం మొదలవుతుంది. అప్పుడే దింపి, వేడిగా ఉండగానే పలుచని గుడ్డలో వడగట్టాలి. చల్లారిందంటే గుడ్డలోంచి దిగదు, గింజలతో సహా పారేయవలసి వస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే వారం రోజుల వరకు ఉంటుంది. వాసన మారితే వాడకూడదు. తడి జుట్టుకు చెంచాడు జెల్ సరిపోతుంది. ఆరిన తరువాత జుట్టు కొంచెం గట్టిపడినట్టు అనిపిస్తే, అరచేతుల మధ్య నలిపితే మెత్తబడుతుంది. కలబంద గుజ్జు కూడా ఇదే పని కొంచెం తక్కువ పట్టుతో చేస్తుంది. అయితే మట్టను కోసిన వెంటనే కారే పసుపుపచ్చని పాలు కొందరికి దురద పుట్టిస్తాయి కనుక, మట్టను పావుగంట సేపు నిలువుగా పెట్టి ఆ పాలను కారిపోనిచ్చి, కడిగి, తరువాతే గుజ్జు తీయాలి. గ్లిజరిన్ కలిపిన నీళ్ళు చల్లుకోమని సలహా ఇచ్చేవారు ఉంటారు. గ్లిజరిన్ గాలిలోని తేమను లాగే పదార్థం కనుక ఉక్కపోత రోజులలో అది ఉబ్బును పెంచే అవకాశమే ఎక్కువ.

ఉంగరాల జుట్టువారు ఈ విషయంలో ఒక నియమం పెట్టుకోవాలి. ఆరిన జుట్టును దువ్వకూడదు. దువ్వెన ఉంగరాలను విడదీసి పీచు చేస్తుంది. తలస్నానమప్పుడు తడి మీదే పెద్ద పళ్ళ దువ్వెనతోనో వేళ్ళతోనో చిక్కు తీసి, గరుకు తువ్వాలుతో రుద్దకుండా పాత నూలు బనియనుతో అద్ది, ఉంగరాలను అరచేతిలోకి తీసుకుని పైకి నలిపి వదిలేయాలి. మర్నాడు నలిగిన ఉంగరాలకు నీళ్ళు చిలకరించి మళ్ళీ అలాగే నలిపితే సరిపోతుంది, తలస్నానం అవసరం లేదు.

తెలంగాణలో చలికాలపు పొడి గాలికి ఎదురయ్యేది దీనికి వ్యతిరేకమైన సమస్య. దువ్వినకొద్దీ వెంట్రుకలు చిటపటలాడుతూ దువ్వెన వెంట లేస్తాయి. ప్లాస్టిక్ దువ్వెన రాపిడికి వెంట్రుకలన్నీ ఒకే రకమైన విద్యుదావేశం పొంది, ఒకదాన్ని ఒకటి తోసుకుంటాయి. చెక్క దువ్వెన వాడితే ఇది చాలావరకు తగ్గుతుంది. అప్పటికప్పుడు కావాలంటే తడి చేతిని జుట్టు మీద మెల్లగా నిమరాలి, లేదా ఒక్క చుక్క కొబ్బరినూనెను అరచేతులకు రాసుకుని కొసల నుంచి పైకి అద్దాలి. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో పేరుకుంటుంది కనుక, అరచేతుల మధ్య బాగా కరిగించకుండా రాస్తే జుట్టులో తెల్లని ఉండలుగా మిగులుతుంది.

జిడ్డు తల, ఉప్పునీరు

తలస్నానానికి వ్యవధి లేని ఉదయం జిడ్డు తలతో బయటికి వెళ్ళవలసివస్తే మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది, నుదుటి మీది జుట్టును మాత్రమే కడగడం. వెనుక జుట్టంతా క్లిప్పుతో బిగించి, ముందు వైపు పాయను మాత్రం చేతులు కడుక్కునే బేసిన్ దగ్గర ఒక చుక్క షాంపూతో కడిగి ఆరబెట్టుకుంటే, చూసేవారికి తలస్నానం చేసినట్టే ఉంటుంది. ముఖం చుట్టూ ఉన్న జుట్టే ముందు జిడ్డు పట్టేది, ముందు కనపడేదీ. రెండవది, పొడి చల్లడం. వంటలో వాడే తెల్లని మొక్కజొన్న పిండిని (కార్న్‌ఫ్లోర్) ఒక చిటికెడు తీసుకుని, మెత్తని కుంచెతో పాపిడికి పక్కన, పై పొరను ఎత్తి కింది పొర కుదుళ్ళ మీద అద్ది, ఐదు నిమిషాలు ఆగి, వేళ్ళతో దులిపి దువ్వాలి. పాపిడి మీదే నేరుగా చల్లితే నల్లని జుట్టులో తెల్లగా చుండ్రులా కనిపిస్తుంది. ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు కూడా జిడ్డును పీలుస్తుంది కానీ, తల చుట్టూ ఎగిరే ఆ ధూళిని పీల్చడం మంచిది కాదు, ముఖ్యంగా పసిపిల్లలు దగ్గర ఉన్నప్పుడు.

మూడవ మార్గమే నాకు అన్నింటికంటే నచ్చినది. జిడ్డును దాచకుండా దాన్నే వాడుకోవడం. నూనె పెట్టిన తల బాగా పట్టు ఇస్తుంది. నడి పాపిడి తీసి, సన్నని పళ్ళ దువ్వెనతో నున్నగా దువ్వి, బిగువుగా జడ అల్లితే ఒక్క వెంట్రుక లేవదు. మన పెద్దవాళ్ళ జడలు సాయంత్రం దాకా చెదరకుండా ఉన్నాయంటే అందులో నూనె వంతు తక్కువేమీ కాదు.

నూనె మరీ ఎక్కువై తలంటుకున్నా వదలకపోతే, తప్పు నీళ్ళు ముందు పోయడంలో ఉంటుంది. నూనె పట్టిన జుట్టు మీద నీళ్ళు ముందు పడితే షాంపూ జారిపోతుంది. పొడి తల మీదే, కాసిని నీళ్ళలో కలిపిన షాంపూను కుదుళ్ళకు పట్టించి రుద్ది, తరువాత నీళ్ళు పోసి, రెండోసారి మామూలుగా రుద్దుకోవాలి. శనగపిండినో పెసరపిండినో నీళ్ళలో జారుగా కలిపి పట్టించడం కూడా పాత పద్ధతే, పనిచేసేదే. పొడి పిండి మాత్రం తడి జుట్టులో ఉండలు కడుతుంది. కుంకుడుకాయ రసం జిడ్డును బాగా వదిలిస్తుంది కానీ జుట్టును బిరుసెక్కిస్తుంది. అందుకే ఆ రసంలో గంజి కలపడమో, మందారాకులు నలిపి ఆ జిగురును పట్టించడమో చేసేవారు. ఆ జిగురు వల్ల వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి జారి చిక్కు సులువుగా విడిపోతుంది.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో తలస్నానం చేసినా జుట్టు మొద్దుగా, అంటుకుపోయినట్టు ఉంటుంది. ఆ నీళ్ళలో ఎక్కువగా ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు వెంట్రుకల మీద పేరుకోవడమే కారణం. చివరి చెంబు వరకు బోరు నీళ్ళే వాడి, ఆఖరున ఒక లీటరు తాగే నీళ్ళలో అర చెక్క నిమ్మరసం పిండి, వడగట్టి తలమీద పోసుకుని, రెండు నిమిషాల తరువాత మళ్ళీ కొద్దిగా తాగే నీళ్ళతోనే కడుక్కోవాలి. తలలో పుండ్లు, గీతలు ఉన్నవారు నిమ్మరసం జోలికి పోకూడదు. వంటింటి శుద్ధి యంత్రం బయటికి వదిలే వృథా నీటిని తలస్నానానికి పట్టి ఉంచేవారున్నారు. ఆర్‌ఓ యంత్రం లవణాలను ఆ నీటిలోకే తోసేస్తుంది కనుక ఆ నీళ్ళలో లవణాలు బోరు నీళ్ళకంటే ఎక్కువ. ఇల్లు తుడవడానికి పనికివస్తాయి, తలకు కాదు.

జారే జడ, నిలవని పిన్నులు, బరువైన పూలు

తలంటుకున్న రోజు జడ నిలవదు. జుట్టు జారుడుగా ఉండి, పాయలు వదులై, సాయంత్రానికి కొస రబ్బరు చేతిలోకి వస్తుంది. శుభకార్యం ఉంటే ముందురోజే తలంటుకోవడం సులువైన మార్గం. అది కుదరకపోతే అవిసె జెల్ చుక్క చేతులకు రాసుకుని పాయలను నిమిరి అల్లాలి, కొస దగ్గర రెండు అంగుళాలు తడిపి రబ్బరు వేయాలి. మెట్లు మెట్లుగా కత్తిరించుకున్న జుట్టులో పొట్టి వెంట్రుకలు జడలోంచి పొడుచుకు వస్తుంటే, జడ పూర్తయ్యాక తడి అరచేతుల మధ్య పైనుంచి కిందికి దొర్లించాలి. కింది సగం సన్నబడి ఎలుకతోకలా కనిపించే జడకు, కొసన రబ్బరు వేసిన తరువాత, కింది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెలిక అంచును రెండు వైపులా కొంచెం కొంచెం బయటికి లాగితే లావుగా కనిపిస్తుంది. పైనుంచి మొదలుపెడితే వదులంతా కిందికి చేరి జడ ఊడిపోతుంది.

సవరం జారిపోవడానికి కారణం దాన్ని వదులు జుట్టుకు కట్టడం. మెడ దగ్గర జుట్టునంతా కలిపి ముందు రబ్బరు వేసి, ఆ రబ్బరు పైన సవరం తాడును రెండు చుట్లు తిప్పి ముడి వేసి, అటూ ఇటూ రెండు పిన్నులు గుచ్చిన తరువాత అల్లడం మొదలుపెట్టాలి. సవరాన్ని మూడు పాయలలోనూ సమంగా పంచాలి. ఒకే పాయలో ఉంచితే జడ ఆ పక్కకు మెలి తిరుగుతుంది.

నల్లని పిన్నులకు రెండు కాళ్ళు ఉంటాయి, ఒకటి సాఫుది, రెండవది వంకర్లు తిరిగినది. చూడటానికి బాగుంటుందని వంకర్ల వైపును పైకి పెట్టుకునేవారే ఎక్కువ. వెంట్రుకలను పట్టుకునేది ఆ వంకర్లే కనుక అవి తల వైపుకు ఉండాలి. కొప్పుకు పిన్ను పెట్టేటప్పుడు నేరుగా లోపలికి గుచ్చకుండా, ముందు కొప్పు అంచున కాసిని వెంట్రుకలను పట్టి, పిన్నును తిప్పి, కొప్పు మధ్య వైపుకు తోస్తే అది తాళం వేసినట్టు బిగుస్తుంది. ఇంకా జారితే ఒకదాని మీద ఒకటి అడ్డంగా, ఇంటూ గుర్తు ఆకారంలో రెండు పెట్టాలి. ఇలా పెట్టిన నాలుగు పిన్నులు, అడ్డదిడ్డంగా గుచ్చిన పది పిన్నుల కంటే బాగా నిలుస్తాయి. పాపిడి బిళ్ళ పక్కకు జరిగే ఇబ్బందికీ ఇదే మందు: గొలుసు చివరి కొక్కేన్ని ఉత్త జుట్టుకు కాక, ముందుగా నడినెత్తిన అడ్డంగా పెట్టిన పిన్ను జతకు తగిలించాలి.

మల్లెపూల మాలను పిన్నుతో పూల మీదుగా గుచ్చితే పూలు తెగుతాయి, మాల జారుతుంది. పిన్ను దారం మీదుగా, రెండు పూల మధ్య ముడి దగ్గర దిగాలి. బజారులో తడిపి అమ్మే పూలకు నీటి బరువు ఉంటుంది కనుక, తెచ్చిన మాలను గుడ్డ మీద పరచి నీళ్ళు ఓడ్చిన తరువాత పెట్టుకోవాలి. పెళ్ళికూతురి పూలజడకైతే పిన్నులు చాలవు. కింద బిగువుగా జడ అల్లి, పూలజడను సూది దారంతో ఆ జడకే అక్కడక్కడ కుట్టాలి. బరువంతా మెడ దగ్గర కుదుళ్ళ మీద పడకుండా ఉండాలంటే ఈ కుట్లు జడ పొడవునా ఉండాలి. ఒకవేళ నుదుటి దగ్గర, కణతల దగ్గర నొప్పి మొదలైతే, జడ మొదలును రెండు చేతులతో పట్టుకుని కొంచెం పైకి తోస్తే లాగుడు తగ్గుతుంది. రోజూ అంత బిగువుగా లాగి అల్లడం మాత్రం మంచిది కాదు. నుదుటి అంచున జుట్టు క్రమంగా ఊడి, ఏళ్ళు గడిస్తే తిరిగి మొలవకపోవచ్చు.

వేడి, రంగు, కత్తెర

స్ట్రెయిట్‌నర్‌ను తడి జుట్టు మీద ఎన్నడూ పెట్టకూడదు. వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలుగా మారి, ఆ చోట వెంట్రుక తెగుతుంది. చుయ్ మని శబ్దం వచ్చిందంటే ఆపేయాలి. సన్నని జుట్టుకు 150 డిగ్రీల సెల్సియస్, దట్టమైన జుట్టుకు 180 చాలు. ఒకే పాయ మీద నాలుగుసార్లు తక్కువ వేడితో లాగడం కంటే సరైన వేడితో ఒక్కసారి లాగడం మేలు. నూనె రాసి ఇస్త్రీ చేయడం వద్దు.

పాపిడి దగ్గర నెరిసిన వెంట్రుకలు బయటపడ్డాయని ఫంక్షన్ నాడు ఉదయం హడావిడిగా రంగు వేసుకోవడం ప్రమాదం. చాలా నల్ల రంగులలో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు, అప్పుడు కనురెప్పలు, ముఖం వాస్తాయి. కొత్త రంగును చెవి వెనుక రాసి 48 గంటలు చూడాలంటారు కనుక అది ఆ రోజుకు తేలే పని కాదు. పాపిడిని తిన్నగా కాకుండా వంకర టింకరగా తీస్తే తెలుపు గీతలా కనపడదు. మిగిలిన నాలుగు వెంట్రుకలకు కనురెప్పలకు వాడే నల్ల మస్కారా పైపైన తగిలిస్తే చాలు.

నుదుటి మీది జుట్టును ఇంట్లో కత్తిరించుకునేవారు ఆరిన జుట్టునే కత్తిరించాలి. తడి జుట్టు సాగి పొడవుగా కనిపిస్తుంది, ఆరాక అనుకున్నదానికంటే పైకి ఎక్కి కూర్చుంటుంది. కత్తెరను అడ్డంగా కాక నిలువుగా పట్టుకుని కొసలను కొద్దికొద్దిగా తుంచితే అంచు గీత గీసినట్టు ఉండదు. ఇప్పటికే పొట్టిగా తెగిపోయి ఉంటే, దాన్ని పక్కకు దువ్వి, పై పాయతో కలిపి మెలితిప్పి చెవి మీద పిన్ను పెట్టడం తప్ప, పెరిగేదాకా వేరే దారి లేదు. చీలిన కొసలను అతికించే నూనె కూడా ఏదీ లేదు, వాటికి కత్తెరే మందు.

శుభకార్యం ముగించుకుని ఇంటికి వచ్చాక జుట్టు విప్పడానికి తొందరపడకూడదు. ముందు పూలు, నగలు, తరువాత వేళ్ళతో తడుముతూ పిన్నులన్నీ తీయాలి. దువ్వెనకు తగిలేదాకా ఒకటో రెండో దాగి ఉంటాయి. స్ప్రే కొట్టించుకున్న జుట్టును గానీ, ఎత్తు కోసం వెనక్కి దువ్వి ఉబ్బించిన జుట్టును గానీ పొడిగా దువ్వకుండా, కొబ్బరినూనె ధారాళంగా పట్టించి పావుగంట నాననివ్వాలి. కొసల దగ్గర మొదలుపెట్టి, చిక్కుకు పైన పాయను గుప్పెట్లో బిగించి పట్టుకుని, పెద్ద పళ్ళ దువ్వెనతో కొంచెం కొంచెంగా పైకి రావాలి. చిక్కంతా తీసిన తరువాతే తలంటుకోవాలి.